తొంభై ఎనిమిది మార్కుల రాయి

గురువారం పొద్దున ఫకీర్ సాబ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకు బస్సు హిందూపురంలో బయలుదేరాలి. తొమ్మిదీ నలభై అయిదుకు ధర్మవరం చేరాలి. మధ్యలో సోమందేపల్లి, పెనుకొండ, చెన్నేకొత్తపల్లిలో ఆగాలి, ఆగినచోటి నుంచి మళ్లీ కదలాలి. ఇదీ ఒక పథకమేనా అని నవ్వేవాళ్లు ‘గుల్జార్’ బస్సు ఎన్నడూ ఎక్కి ఉండరు.

గుల్జార్ ఫకీర్ సాబ్ సొంత బస్సు. ఓనరూ ఆయనే, కండక్టరూ ఆయనే. డెబ్భై అయిదో సంవత్సరంలో కొన్న బండి, ఈ సంగతి జరిగిన తొంభై ఏడుకు దానికి ఇరవై రెండేళ్లు నిండాయి. ఆ బస్సులో మగవాళ్లు కిటికీ పక్క సీటు కోసం కొట్లాడరు. తలుపు పక్కన కూర్చుంటారు, దిగి తోయడానికి అదే వీలు. పోయిన నెలలో బండి పదకొండుసార్లు దారిలో ఆగింది. పన్నెండోసారి ఆగినప్పుడు జనం తోయడం మాని, చింతచెట్టు నీడన కూర్చుని అర్జీ రాశారు. అందరూ సంతకాలు పెట్టారు, రానివాళ్లు వేలిముద్రలు వేశారు. సిరా పెట్టె ఇచ్చింది ఫకీర్ సాబే. ఏం రాస్తున్నారో పాపం ఆయనకు తెలియదు.

ఆ అర్జీ బ్రేకు ఇన్‌స్పెక్టరు వెంకోబరావుగారి బల్ల మీదికి చేరింది. ఆఫీసులో ఆయన హోదాకు ఏదో పొడుగు పేరుంది కానీ బస్సులవాళ్లకు ఆయన బ్రేకు ఇన్‌స్పెక్టరే. ఫకీర్ సాబ్‌ను పిలిపించి, కూర్చోమనకుండానే విషయం చెప్పాడు.

“వచ్చే వారం గురువారం నేనే నీ బస్సు ఎక్కుతాను. దారిలో ఒక్కసారి చెడి ఆగిపోయినా ఈ టైము ఇంకొకరికి రాసేస్తాను. కొత్త బస్సులతో ముగ్గురు కాచుకుని ఉన్నారు.”

ఫకీర్ సాబ్ ఇంటికి ఎలా వచ్చాడో ఆయనకే గుర్తు లేదు. ఆరున్నర టైము పోతే ఆయన దగ్గర మిగిలేది పాత ఇనుము, ఖాకీ చొక్కా, ఒక ఈల. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు ఆయన భార్య మాబున్నీ తన తమ్ముడు మసూద్‌కు కబురు పెట్టింది.

మసూద్ హిందూపురంలోనే ఒక నూలు మిల్లులో మెషిన్లు చెడిపోకుండా చూసే సెక్షన్‌లో పని చేస్తాడు. ఈ మధ్యనే మిల్లువాళ్లు అతన్ని మూడు రోజుల ట్రైనింగుకు బెంగళూరు పంపారు. అక్కడి నుంచి ఒక లావుపాటి నోటుపుస్తకం, రెండు పెన్నులు, భరించలేనంత తెలివి పట్టుకొచ్చాడు. షెడ్డులో బస్సు చుట్టూ రెండుసార్లు తిరిగి, చేతులు నడుం మీద పెట్టుకున్నాడు.

“బావా, అన్నీ మార్చేకి మనకాడ అంత దుడ్లు ల్యావు. అన్నీ మార్చేది గూడా అవసరం ల్యా. ఏది ఎంత ముఖ్యమో చూసి నూటికి మార్కులేస్తాం. ఎక్కువ మార్కులొచ్చినదాన్ని ముందు బాగు చేస్తాం.”

“బస్సుకు పరీచ్చలా?” అన్నాడు డ్రైవరు చౌడప్ప. గుల్జార్ పుట్టినప్పటి నుంచి దాన్ని తోలుతున్నది అతనే.

“రెండే ప్రశ్నలప్పా. ఒగటి, ఇది పోతే బండి పోతాదా? రెండు, ఇది పోయినా దీని పని చేసేకి ఇంగోటి ఉండాదా? పోతే కొంప మునిగి, బదులు ఏమీ లేకపోతే, దానికి మార్కులెక్కువ. బదులుంటే తక్కువ.”

మసూద్ అడుగుతూ పోయాడు, క్లీనరు నల్లప్ప జవాబు చెబుతూ పోయాడు. నల్లప్ప యాభై ఏళ్ల మనిషి, ఆ బస్సు కింద పడుకున్నంతగా తన ఇంట్లో ఎప్పుడూ పడుకోలేదు. ఫ్యాను బెల్టుకు తొంభై. రేడియేటరు పైపుకు ఎనభై అయిదు. కాలి బ్రేకుకు తొంభై అయిదు. హారనుకు రెండే, బాడీ చేసే చప్పుడు మైలు దూరం వినిపిస్తుంది కాబట్టి. ఇంజను లేపే సెల్ఫుకు పది, పది మంది దిగి తోస్తారు కాబట్టి. అంతవరకూ అందరికీ ఇది ఒక ఆటలాగే ఉంది.

“డ్రైవరు?” అని తనే అడిగి, తనే రాసుకున్నాడు మసూద్. “బదులుకు బావకు లైసెన్సుండాది. నలభై.”

చౌడప్ప నోట్లోని ఆకువక్క నోట్లోనే ఆగింది. “నలభయ్యా? ఇరవై రెండేండ్లు తోలినోనికి నలభయ్యా? రబ్బరు బెల్టుకేమో తొంభై!”

“కోపం చేసుకోగాకప్పా, ఇది లెక్క. హ్యాండు బ్రేకు?”

నల్లప్ప చౌడప్ప వైపు చూశాడు.

“ఉండాది,” అన్నాడు చౌడప్ప చివరికి.

“పని చేస్తాదా?”

“ఉండాదంటి గదా.”

హ్యాండు బ్రేకు పని చేయక పదకొండేళ్లయింది. లాగితే కరకరమని పైకి వస్తుంది, చూడటానికి బాగుంటుంది, అంతే. మరి బస్సు ఆగినచోట నిలబడుతున్నది ఎలాగని మసూద్ అడిగాడు. నల్లప్ప వెనక సీటు కింద చేయి పెట్టి ఒక నల్లరాయి లాగాడు. ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా ఉన్న రాయి. పదకొండేళ్ల కిందట పెనుకొండ కొండ కింద అతనికి దొరికింది. బస్సు ఆగగానే దూకి, వెనక చక్రం కింద దాన్ని తోసి “పెట్నా!” అని అరుస్తాడు. ఆ అరుపు వినగానే చౌడప్ప బ్రేకు మీది నుంచి కాలు తీస్తాడు. పదకొండేళ్లుగా అదే పద్ధతి.

“ఇది ల్యాకపోతే?”

“దొర్లుకోని పోతాది.”

“దీనికి బదులు?”

“ఇట్లాంటిది మల్లా దొరకలా సామీ. శానా యెతికినా. వేరేవన్నీ జారతాయి.”

మసూద్ పెన్ను కాసేపు గాలిలో ఆగింది. తర్వాత రాశాడు. రాసి, తనే ఒకసారి ఉలిక్కిపడి, పైకి చదివాడు. “రాయి, తొంభై ఎనిమిది. బండిలో అన్నిటికంటే ఇదే ముఖ్యం బావా. దీన్ని శానా జాగర్తగా చూసుకోవల్ల.” ఆ కిందనే హ్యాండు బ్రేకుకు నాలుగు మార్కులు రాశాడు. బదులుకు రాయి ఉంది కదా.

ఫకీర్ సాబ్ నోరు వెళ్లబెట్టాడు. లక్షలు పోసి కొన్న బస్సులో అన్నిటికంటే ముఖ్యమైనది, పైసా పెట్టని రాయి! చౌడప్ప అయితే గోడకు ఆనుకుని కూలబడ్డాడు. “రాయికి తొంభై ఎనిమిదంట. నాకు నలభయ్యంట. యాభై ఎనిమిది మార్కులు తక్కువ, రాయికంటే.” ఆ రోజు నుంచి అతను మసూద్‌తోనూ ఫకీర్ సాబ్‌తోనూ మాట్లాడటం మానేశాడు. మసూద్ మాత్రం మార్కుల పట్టీని డ్రైవరు సీటు వెనక మైదాపిండితో అంటించి పోయాడు, అందరికీ కనపడాలని.

సాయంత్రం ఫకీర్ సాబ్ రాయిని టవల్లో చుట్టి ఇంటికి తెచ్చాడు. అంత ముఖ్యమైనదాన్ని తలుపు లేని షెడ్డులో వదిలేయడానికి ఆయనకు మనసొప్పలేదు.

ఇక్కడ ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ఆ ఇంట్లో ముఖ్యమైనదేదీ వాడరు, బీరువాలో పెడతారు. పెళ్లికి వచ్చిన స్టీలు ప్లేట్లు అంటించిన కాగితాలతో సహా బీరువాలోనే ఉన్నాయి, తినేది సొట్టపడిన సత్తుపళ్లేల్లో. మాబున్నీ చెల్లెలు దిల్షాద్ కువైట్ నుంచి పంపిన దుప్పటి బీరువాలో ఉంది, కప్పుకునేది చిరుగుల బొంత. ఫకీర్ సాబ్ మంచి వాచీ బీరువాలో ఉంది, అందుకే బస్సు టైము ఎప్పుడూ తప్పుతుంది. ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలో ఎవరింట్లోనైనా ఇంతే, మనమేం తక్కువ తినలేదు.

“రాయిని బీరువాలో పెట్టమంటాండావా?” మాబున్నీ గుండెల మీద చేయి పెట్టుకుంది. ఆఫీసరు మాటలకు మొగుడి మతి పోయిందనే అనుకుంది. “ఏమప్పా, ఒంట్లో బాగుండాదా నీకు?”

“నీ తమ్ముడే చెప్పినాడు. తొంభై ఎనిమిదంట.”

“నిజంగానా? నాకెన్నేసినాడు?”

“నువ్వు బస్సులో పార్టు కాదు గదా.”

“అదీ నిజమేలే,” అని ఆమె బీరువా తెరిచి, కువైట్ దుప్పటి మడతల మధ్య రాయిని పెట్టి, తాళం వేసి, తాళంచెవి కొంగుకు కట్టుకుంది.

వారం రోజులు బస్సు షెడ్డులోనే ఉంది. మసూద్ డ్యూటీ దిగి వచ్చి, పట్టీలో పైనుంచి కిందికి పని చేస్తూ పోయాడు. బెల్టు మార్చాడు, పైపు మార్చాడు, కాలి బ్రేకు కొత్త బ్రేకులా చేశాడు. పదిమందిని దింపి తోయిస్తే ఆఫీసరు ముందు పరువు పోతుందని సెల్ఫు కూడా బాగు చేశాడు. నాలుగు మార్కుల హ్యాండు బ్రేకును మాత్రం ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకుంటాడు? రాయి ఉంది.

ఫకీర్ సాబ్ మాత్రం, వారం రోజులు బండి కింద పడుకున్నవాడు హ్యాండు బ్రేకు బాగు చేయకుండా ఉంటాడా అనుకున్నాడు. గురువారం పొద్దున బయలుదేరేటప్పుడు మాబున్నీ “రాయి తీసియ్యాల్నా?” అని అడిగింది కూడా.

“వద్దులే. ఇయ్యాల అసలే ముఖ్యమైన దినం. దావలో పగిలిపోతే ఏం చేసేది? భద్రంగా ఉండనీ.”

వెంకోబరావుగారు ఆరూ ఇరవైకి బస్సెక్కాడు. మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో కాగితాల అట్ట పెట్టుకున్నాడు. ఆరున్నరకు చౌడప్ప సెల్ఫు నొక్కాడు. ఇంజను ఒక్క నొక్కుకే లేచింది. బస్సంతా నిర్ఘాంతపోయింది. అలవాటుగా తోయడానికి దిగిన నలుగురు మగవాళ్లు రోడ్డు మీదే ఉండిపోయారు, బస్సు వాళ్లను వదిలేసి ముందుకు పోయింది. వాళ్లు కేకలు వేస్తూ పరిగెత్తి, పది గజాల అవతల ఎక్కారు. “ఏమైందబ్బా దీనికి?” అని ఒకరినొకరు అడిగారు. ఆఫీసరు అట్ట మీద ఏదో రాసుకున్నాడు. ఫకీర్ సాబ్‌కు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సోమందేపల్లి దాకా బస్సు పెళ్లినడక నడిచినట్టు పోయింది. హిందూపురం బస్టాండు చదును కనుక అక్కడ రాయితో పని పడలేదు. ఇక్కడ ఆగగానే నల్లప్ప వెనక సీటు కింద చేయి పెట్టాడు. ఏమీ తగల్లేదు. మొత్తం వంగి చూశాడు. వక్కాకు కాగితం, ఒక పాత చెప్పు కనిపించాయి. ఫకీర్ సాబ్ దగ్గరికి ఉరికి వచ్చాడు.

“సామీ, రాయి ల్యా!”

“గమ్మునుండు. ఆఫీసరుండాడు,” అన్నాడు ఫకీర్ సాబ్ పళ్ల బిగువున. తన బస్సు రాయి మీద బతుకుతోందని ఆఫీసరు చెవిన పడితే ఇంకేమైనా ఉందా?

నల్లప్పకు ఏమీ తోచలేదు. ముందు సీట్లో చౌడప్ప బ్రేకు మీద కాలు పెట్టుకుని, “పెట్నా” అనే అరుపు కోసం చూస్తున్నాడు. తలుపు పక్కన ఈరక్క కూర్చుని ఉంది. ఆమెది రొద్దం దగ్గర పల్లె, చెన్నేకొత్తపల్లిలో కూతురి కొత్తింటికి పోతోంది. కాళ్ల దగ్గర బూడిద గుమ్మడికాయ పెట్టుకుంది. నల్లప్ప ఇంకేమీ ఆలోచించకుండా ఆ కాయ తీసుకుని కిందికి దూకి, చక్రం కింద పెట్టి “పెట్నా!” అన్నాడు. చౌడప్ప కాలు తీశాడు. కాయ ఒక్క క్షణం ఓర్చుకుంది. తర్వాత పటేలుమని పగిలి, గింజలు బస్టాండు గోడ దాకా ఎగిరాయి. బస్సు మూరెడు ముందుకు జరిగింది, చౌడప్ప మళ్లీ బ్రేకు తొక్కాడు.

“నా కాయ! నా కూతురింటి కాయ!” ఈరక్క లేచి నిలబడింది. “నీ చేతులిరగా, యాల పగలగొడితివిరా?”

ఆఫీసరు కిటికీలోంచి తల బయట పెట్టాడు. “ఏమయ్యా, ఏమిటిది?”

“దిష్టి సార్,” అన్నాడు ఫకీర్ సాబ్. భయంలో ఆయన నోటికి అదే వచ్చింది. “బండికి గుమ్మడికాయ తొక్కిస్తాం సార్. ఆచారం.”

“సోమందేపల్లిలోనా?”

“గురువారం గురువారం సార్.”

“మీ దిష్టికి నా కాయే దొరికిందా?” అంది ఈరక్క. ఆమెకు రెండు కాయలు కొనిస్తానని ఫకీర్ సాబ్ రెండు చేతులూ జోడించాక కూర్చుంది. ఆఫీసరు ‘గుమ్మడికాయ’ అని రాసుకుని, దాని పక్కన పెద్ద ప్రశ్నార్థకం గీసుకున్నాడు.

బస్సు కదిలాక నల్లప్ప ఫకీర్ సాబ్ చెవిలో నోరు పెట్టాడు. “రాయి యాడ సామీ?”

“బీరువాలో.”

“బీరువాలోనా!” నల్లప్ప కళ్లు తేలేశాడు.

“అరవగాక. హ్యాండు బ్రేకు మసూదు బాగు చేసినాడులే. చౌడప్పకు చెప్పుపో.”

నల్లప్ప ముందుకు పోయి చెప్పాడు. చౌడప్ప తల తిప్పలేదు. చేసే ఉంటారులే అనుకున్నాడు. బెల్టుకూ పైపుకూ అన్నిటికీ కొత్తవి వేసినవాళ్లు, మనిషిని తప్ప దేన్నీ వదలలేదు. వీపు వెనక ఆ పట్టీ ఉందన్న సంగతి వారంగా అతనికి వీపులో ముల్లులా ఉంది.

పెనుకొండలో బస్సు ఆగేది ఏటవాలు రోడ్డు మీద. పైన బస్టాండు, కింద హైవే. మధ్యలో ఒకటే తిన్నటి దిగుడు. హైవే మీద బెంగళూరు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. ఇన్నాళ్లూ చౌడప్ప అక్కడ టీ తాగేటప్పుడు ఇంజను ఆపేవాడు కాదు, ఆపితే మళ్లీ లేవదు కనుక. ఆ రోజు సెల్ఫు ఉందిగా. దర్జాగా ఇంజను ఆపాడు. హ్యాండు బ్రేకు లాగాడు. అది కరకరమని పైకి వచ్చింది, చూడటానికి బాగుంది. “నలభై మార్కులోడు టీ తాగకూడదని యాడా రాసిల్యా,” అని తనకు తానే చెప్పుకుని దిగాడు. ఫకీర్ సాబ్, నల్లప్ప అప్పటికే దిగి టపా సంచులు దించుతున్నారు.

చౌడప్ప టీ గ్లాసు నోటిదాకా తీసుకుపోయేంతవరకు బస్సు నిలబడే ఉంది. తర్వాత కదిలింది.

ఇంజను లేదు కనుక చప్పుడు లేదు. ఇరవై రెండేళ్లలో గుల్జార్ అంత మెత్తగా ఎప్పుడూ కదల్లేదు. ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. ఎనిమిదీ పది, సరిగ్గా బయలుదేరాల్సిన టైము. సంతోషించి, ‘పెనుకొండలో సమయానికి బయలుదేరినది. ఇంజను శబ్దము బొత్తిగా లేదు. ప్రయాణము సుఖముగా ఉన్నది’ అని రాయడం మొదలుపెట్టాడు.

ముందు చూసింది ఈరక్క. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. స్టీరింగు తనంతట తనే కొంచెం అటూ ఇటూ ఆడుతోంది. ఆమె నోరు తెరిచింది కానీ మాట రాలేదు. రెండోసారి వచ్చింది.

“సార్. బండి ఎవురు తోల్తాండారు సార్?”

“డ్రైవరు,” అన్నాడు ఆఫీసరు, తల ఎత్తకుండా.

“డ్రైవరు టీ తాగతాండాడు సార్. అదో, ఆడ.”

ఆఫీసరు ఆమె వేలు చూపించిన వైపు, వెనక్కి చూశాడు. టీకొట్టు ముందు ఖాకీ చొక్కా మనిషి, చేతిలో గ్లాసు. క్షణక్షణానికీ చిన్నవాడైపోతున్నాడు. ఆఫీసరు ముందుకు చూశాడు. ఖాళీ సీటు, దాని అవతల రోడ్డు, రోడ్డు చివర లారీలు. పెన్ను చేతిలోంచి జారి, సీట్ల కింద దొర్లుకుంటూ ముందుకు పోయింది.

“ఆపండయ్యా!” అని అరిచాడాయన. ఎవరినని అరిచాడో ఆయనకే తెలియదు.

అప్పుడు లేచింది బస్సులో గోల. ఒకరు అల్లా అన్నారు, ఒకరు వెంకటరమణా అన్నారు, ఒక ముసలాయన రెండూ అన్నాడు. వెనక ఫకీర్ సాబ్ టపా సంచి అక్కడే పడేసి, ఈల ఊదుతూ పరిగెత్తాడు. ఇరవై రెండేళ్లు ఆ ఈలకు ఆగిన బస్సు ఆ రోజు ఆగలేదు. నల్లప్ప బస్సుతో సమానంగా ఉరుకుతూ, దొరికినదల్లా చక్రం కింద వేశాడు. ఇటుక వేశాడు, పొడి అయింది. ఎవరిదో మోడా వేశాడు, అప్పడం అయింది. “నా రాయి ఉంటే! నా రాయి ఉంటే!” అని ఏడుస్తూ ఉరుకుతున్నాడు.

చౌడప్ప టీకొట్టు నుంచి ఒక్క ఉరుకు ఉరికాడు. తర్వాత ఏమైందో చూసినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెబుతారు. గ్లాసు చేతిలో ఉండగానే అడ్డంగా చెప్పుల కొట్టు సందులోంచి దూకి, బస్సుకు ముందు తేలి, డ్రైవరు తలుపు పట్టుకుని ఎగిరి లోపల పడ్డాడన్నది మాత్రం అందరూ ఒప్పుకున్నారు. ఇంజను ఆపితే కాలి బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది. చౌడప్ప రెండు కాళ్లతో దాని మీద నిలువునా నిలబడి, తల పైరేకుకు ఆనించి తొక్కాడు. బస్సు గీమని మూలిగి, ఊగి, హైవే అంచుకు గజం దూరంలో ఆగింది. దాని మూతి ముందు నుంచి ఒక లారీ హారను మోగిస్తూ పోయింది. ఆ గాలికి ముందు అద్దం గలగలలాడింది.

చౌడప్ప చేతిలోని గ్లాసును ముందు రేకు మీద పెట్టాడు. అందులో ఇంకా సగం టీ ఉంది.

“డ్రైవరు సార్ నేను,” అన్నాడు వెనక్కి తిరగకుండా, ఆయాసపడుతూ. “నలభై మార్కులోణ్ణి.”

నల్లప్ప ఎక్కడి నుంచో గోడలు కట్టే సైజు రాళ్లు నాలుగు తెచ్చి నాలుగు చక్రాలకూ అడ్డం వేశాక, ఆఫీసరు మెల్లగా సీటు పట్టుకుని లేచాడు. డ్రైవరు సీటు వెనక పట్టీ ఆయన కళ్లబడింది. రాయి తొంభై ఎనిమిది. డ్రైవరు నలభై. హ్యాండు బ్రేకు నాలుగు. మూడుసార్లు చదివాడు.

“ఏమయ్యా ఫకీర్ సాబ్, ఈ రాయి ఏది?”

ఫకీర్ సాబ్‌కు ఇక అబద్ధం ఆడే ఓపిక లేదు. “బీరువాలో ఉండాది సార్. దుప్పట్లో చుట్టి పెట్టినాం. శానా ముఖ్యమైందని.” అని రోడ్డు మీదే ఏడ్చేశాడు. “నా టైము పాయ సార్. నా బతుకు పాయ.”

“బీరువాలో,” అన్నాడు ఆఫీసరు. ఆ మాట ఆయన బుర్రలోకి ఎక్కడానికి కొంతసేపు పట్టింది. ఎక్కాక ముఖం ఎర్రబడింది. “హ్యాండు బ్రేకు లేకుండా యాభై మందిని ఎక్కిస్తావా? టైము కాదు, నీ పర్మిటే లాగేస్తాను! ఫిట్‌నెస్ కాగితం ఏది? ఏ బుద్ధిలేని వెధవ ఇచ్చాడు నీకు? వాడి ఉద్యోగం కూడా తీయిస్తాను. తీయ్ కాగితం!”

ఫకీర్ సాబ్ రెగ్జిను సంచిలోంచి కాగితం తీసి ఇచ్చాడు. ఆఫీసరు చదివాడు. హ్యాండు బ్రేకు అన్నచోట ‘బాగున్నది’ అని గుండ్రటి అక్షరాలు ఉన్నాయి. దాని కింద సంతకం ఉంది. ఆయన ఆ సంతకాన్ని చాలాసేపు చూశాడు. దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. ఎలా చూసినా అది వెంకోబరావు అనే ఉంది.

“పోయినేడు మీరే సార్, దీన్నే నిలబెట్టి చూసినారు,” అన్నాడు నల్లప్ప సాయం చేద్దామని. “బండి రవ్వంతయినా కదల్లా. శబాష్ అన్నారు గూడా. నేను అలవాటుగా రాయి పెట్టినాను సార్ ఆ పొద్దు.”

హైవే మీద ఇంకో మూడు లారీలు పోయాయి. ఆఫీసరు కాగితాన్ని రెండు మడతలు పెట్టి ఫకీర్ సాబ్ చేతికి తిరిగి ఇచ్చాడు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

“నేను చెప్పిందేమిటి? దారిలో బస్సు చెడి ఆగకూడదని.”

“అవును సార్.”

“ఆగిందా?”

ఫకీర్ సాబ్ చౌడప్ప వైపు, నల్లప్ప వైపు చూశాడు. “యాడ సార్, ఆపినా ఆగల్యా.”

“మరి ఎక్కండి. టైమవుతోంది. నెలలోపల ఆ హ్యాండు బ్రేకు బాగు చేయించి తెచ్చి నాకు చూపించాలి. చదునుగా ఉన్నచోట కాదు, ఈ దిగుడులోనే.” అని ఆయన వెళ్లి చౌడప్ప పక్కనే, ఇంజను బానెట్టు మీద కూర్చున్నాడు. ధర్మవరం దాకా చౌడప్ప భుజం మీది నుంచి చేయి తీయలేదు. చెన్నేకొత్తపల్లిలో చౌడప్ప టీ తాగుతానంటే, టీ సీటు దగ్గరికే తెప్పించి, డబ్బులు తనే ఇచ్చాడు. గుల్జార్ తొమ్మిదీ నలభైకి ధర్మవరం చేరింది. దాని చరిత్రలో ముందుగా చేరడం అదే మొదలు.

శుక్రవారం మసూద్ ఈ కథంతా విని, తల పట్టుకుని, నోటుపుస్తకం తెరిచాడు. “రాయి ఉండాదని నేను హ్యాండు బ్రేకుకి నాలుగేసినా. హ్యాండు బ్రేకు ఉండాదని నువ్వు రాయిని బీరువాలో పెట్టినావు. ఒగదాన్ని నమ్మి ఇంగోటి, రెండూ పాయ బావా. అప్పుడు మిగిలింది చౌడప్ప ఒగడే.” పట్టీలో నలభైని కొట్టేసి నూరు రాశాడు. చౌడప్ప దాన్ని చూడనట్టే ఉండి, అందరూ పోయాక రెండుసార్లు చదువుకున్నాడు. ఈరక్కకు రెండు గుమ్మడికాయలు అందాయి.

నెల తిరగకముందే గుల్జార్‌కు సరికొత్త హ్యాండు బ్రేకు వచ్చింది. పెనుకొండ దిగుడులో ఆఫీసరు దాన్ని మూడుసార్లు లాగి చూసి, మూడుసార్లూ తృప్తిపడి, సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఫకీర్ సాబ్ నల్లప్పకు రాయి తిరిగి ఇచ్చాడు.

కొత్త హ్యాండు బ్రేకు చాలా ముఖ్యమైనది కనుక, అరిగిపోకుండా దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి దారంతో కట్టేశారు, ఎవరినీ ముట్టుకోనివ్వరు.